వరహాలు గొంతుకి ఫిల్టరు

వరహాలు గొంతును తన చెవిలోంచి తీసిపారేయడానికి నూకరాజుకి చుట్ట సగం కాలినంత సేపు కూడా పట్టలేదు.

పెరట్లో నీళ్ళ డ్రమ్ము పక్కన స్టూలు వేసుకుని కూచుని, ఫోన్లో కంట్రోల్ ప్యానెల్ తెరిచాడు. ఫిల్టర్లు అన్నచోట నొక్కాడు. 'ఎవరి దగ్గర్నుంచి' అన్న గడిలో భార్య పేరు ఎంచుకున్నాడు. 'వస్తే ఏం చేయాలి' అన్న గడిలో రెండు దారులున్నాయి. ఒకటి, తర్వాత వినడానికి విడిగా ఫోల్డర్లో దాచడం. రెండోది, పారేయడం. రెండోది నొక్కాడు. పరీక్షించి చూసుకోమని అడుగున ఒక బటన్ ఉంది. కూతురు పుట్టినరోజున వరహాలు మాట్లాడిన వీడియో ఒకటి ఫోన్లో ఉంటే దాన్ని అందులో పెట్టి చూశాడు. 'ఈ శబ్దం పారేయబడింది' అని వచ్చింది. సేవ్ చేశాడు.

వంటింటి కిటికీలో వరహాలు నోరు ఇంకా ఆడుతూనే ఉంది. గిన్నెకి గరిటె తగిలిన చప్పుడు వినిపించింది. ఆమె గాజులు వినిపించాయి. పక్కింటి కుక్కర్ కూత వినిపించింది. ఆమె మాట మాత్రం లేదు.

అబద్ధమెందుకు, నూకరాజుకి ప్రాణం హాయిగా అనిపించింది.

*

అతను పన్నెండేళ్ళు చెవిటివాడు. విశాఖలో ఓడలు బాగుచేసే యార్డులో తుప్పు కొట్టే పని చేశాడు. ఓడ అడుగున ట్యాంకులోకి దిగి, ఇనప డబ్బా లోపల కూచుని, అదే ఇనప డబ్బాని గాలి సుత్తితో పొద్దస్తమానం బాదాలి. ఆరో క్లాసు మధ్యలో బడి మానేసినవాడికి అంతకంటే గొప్ప కుర్చీ ఎవడేస్తాడు? చెవుల్లో పెట్టుకోవడానికి దూది ఇచ్చేవారు. సుత్తి ఆ దూదిని లెక్కచేయలేదు. ముందు పిచ్చుకల అరుపులు పోయాయి. తర్వాత ఫోను మోత పోయింది. తర్వాత మనుషులు పోయారు. చెవులు పూర్తిగా పోయాక యార్డు వాళ్ళు పని కూడా తీసేసి, ఎందుకు తీసేశారో వివరంగా చెప్పారు. అతనికి వినపడలేదు.

రుషికొండ మీద శ్రవణ ప్రయోగశాల వాళ్ళు పెద్దవయసు చెవిటివాళ్ళు కావాలని వెతుకుతుంటే, రక్తపరీక్షల సెంటర్లో పనిచేసే కూతురు రోహిణి తండ్రి పేరు రాయించింది. చెవి వెనక ఎముకలో బియ్యపు గింజంత చిప్ పెట్టారు. చుట్టూ ఉన్న శబ్దాలన్నీ ఆ చిప్‌కి వస్తాయి. ఏది ఎవరిదో అది విడదీసి, పేరు తగిలించి, నరానికి అందిస్తుంది. దాన్ని నడిపే ప్యానెల్ తయారుచేసింది ఫణీంద్ర అనే కుర్ర ఇంజనీరు. అంతకుముందు వెబ్‌సైట్లకి చోటు అద్దెకిచ్చే చిన్న కంపెనీలో ఉండేవాడు. అక్కడ ఖాతాదార్లు తమ మెయిళ్ళు సర్దుకునే పేజీ ఎలా ఉండేదో, నూకరాజు బుర్రకీ అచ్చం అలాంటి పేజీయే చేసిపెట్టాడు. చేతికి అలవాటైన పని అదే మరి.

"ప్రతి శబ్దాన్నీ ఒక మెయిల్ అనుకోండి నూకరాజు గారూ. పైన పంపినవాళ్ళ పేరుంటుంది. మీ మెదడు ఇన్‌బాక్స్."

"నాకు మెయిళ్ళు రావు బాబూ. కరెంటు బిల్లొకటొస్తాది."

ఆన్ చేసిన రోజు ఫ్యాను తిరిగే చప్పుడుకి నూకరాజు బల్ల కిందికి వంగాడు. ఎనిమిదేళ్ళప్పుడు చివరిసారి విన్న కూతురి గొంతు ఇరవయ్యేళ్ళదై వచ్చి "నాన్నా" అంటే, ఎవరో అనుకుని వెనక్కి తిరిగి చూశాడు. ఇంటికెళ్ళాక మిక్సీ తిప్పితే ఇక తట్టుకోలేక మర్నాడే మళ్ళీ కొండెక్కాడు.

"దానికే ఫిల్టర్లున్నాయి," అన్నాడు ఫణీంద్ర. "మిక్సీని పారేద్దామా, ఫోల్డర్లో దాద్దామా?"

"దాచుకుని ఏటి చేస్కుంటాను, పచ్చడా?"

ఫణీంద్ర నవ్వి, నేర్పించాడు. "మనుషుల గొంతుకైతే మాత్రం ఎప్పుడూ ఫోల్డరే పెట్టుకోండి. పారేసింది ఇంక ఎక్కడా మిగలదు. ఇంకోటి. గొంతుకి ఫిల్టర్ పెట్టుకోవడం మీ ఇష్టం. తీయాలంటే మీ సంరక్షకురాలు ఒప్పుకోవాలి. ఆపరేషన్‌కి మీ ఆవిడే సంతకం పెట్టారుగా, ఆవిడే. మొదట్లో ఈ ఏర్పాటు లేదు. ఒకాయన ఫోను వాళ్ళ బావమరిది చేతిలో పడింది. ఈయన వద్దనుకున్న గొంతులన్నీ ఆ బావమరిది ఒకేసారి తెరిచేశాడు. మనిషి మంచం పట్టాడు. తలుపు మూసుకోవడానికి ఎవర్నీ అడగక్కర్లేదు, తీసేటప్పుడే అడగాలి. అర్థమైందా?"

"అయింది," అన్నాడు నూకరాజు. అతనప్పుడు కిటికీ అవతల సముద్రం వింటున్నాడు.

*

చెవిటివాడితో కాపురం చేసే మనిషికి ఒక అలవాటు పట్టుకుంటుంది. నోటికి తాళం ఉండదు. పన్నెండేళ్ళు వరహాలు అనుకున్నదల్లా మొగుడి ఎదురుగానే, పైకే అనేసేది. మనసులో పెట్టుకోవాల్సిన పనేముంది? చేతుల సైగలతో "కూర ఎయ్యనా" అని అడుగుతూనే, నోటితో ఇంకోటి అనేది. అది ఆమెకి ఊపిరి తీసుకోవడం లాంటిదైపోయింది.

ఆపరేషన్ అయ్యాక మొదట్లో ఒళ్ళు దగ్గర పెట్టుకుంది. చేతులూపడం కూడా మానేసింది. "చెవులున్నోడికి సైగలేటి," అంది. ఓ నెల తిరక్కుండా నోరు పాత దారినే పడింది.

"తిను, తిను. గోడకి పెట్టినా ఈ పాటికి బాగుందనేది."

"వినపడతాందే," అన్నాడు నూకరాజు.

నాలిక్కరుచుకుని నవ్వేసింది. అతనూ నవ్వాడు. కొన్నాళ్ళు అదొక వేడుకలా సాగింది. మీసం పాత పెయింట్ బ్రష్‌లా ఉందంది. గురకకి పక్కవీధి కుక్కలు లేచిపోతున్నాయంది. తనెంత మొద్దో, ఎంత మొండో, దువ్వుకున్న జుట్టుకీ దువ్వుకోని జుట్టుకీ తేడా ఎలా తెలీదో, అన్నీ విన్నాడు. పన్నెండేళ్ళు తన ఇంట్లో ఏ మాటల మధ్య అన్నం తిన్నాడో మెల్లగా తెలిసొచ్చింది. మనిషికి చెవులు తిరిగొస్తే పండగ చేసుకోవాలంటారు. చెవులు పోయి తిరిగొచ్చినవాడెవడూ ఆ మాట అనడు.

ఒకరోజు సాయంత్రం గిన్నెలు తోముతూ, అటు తిరిగే అంది.

"ఆ రోజు మా అన్న ఆటో తెచ్చి గుమ్మంలో పెట్టినపుడే, రోహిణి గుంటని ఎంటబెట్టుకుని ఎక్కేసుంటే, ఈ పాటికి నేనూ మనిషినయ్యుందును."

కోపంతో అనుంటే నూకరాజు పట్టించుకునేవాడు కాదు. వంకాయల ధర చెప్పినంత మామూలుగా అంది. ఆ మాట ఆమె నోట్లో ఎన్నిసార్లు తిరిగితే అంత నున్నగా అయ్యుంటుందో అతనికి అర్థమైంది. ఆ ఆటో సంగతే అతనికి తెలీదు. చెవులు పోయిన ఏడాది అయ్యుంటుంది. గుమ్మంలో ఆటో ఆగితే చప్పుడు వినబడే మనిషి కాదు అప్పటికి.

అడగొచ్చు. కొట్లాడొచ్చు. అవేవీ చేయకుండా స్టూలు తీసుకుని పెరట్లోకి వెళ్ళాడు.

*

తర్వాత రోజులు నున్నగా గడిచిపోయాయి. నూకరాజు పనిచేస్తున్న వెల్డింగ్ షెడ్డులో కుర్రాళ్ళు బూతులు తిట్టుకుంటే విని నవ్వుకునేవాడు. బస్సులో కండక్టరు ఊళ్ళ పేర్లు అరుస్తుంటే అన్నీ వినేవాడు. ఇంట్లో మాత్రం ఒక మూల చీకటి. ఆ మూల మనిషి తిరుగుతుంది, వడ్డిస్తుంది, పెదాలు ఆడిస్తుంది.

ఆమెకి చెప్పలేదు. చెప్తే ఎందుకని అడుగుతుంది. అందుకని ఒక పద్ధతి పెట్టుకున్నాడు. ఆమె నోరు ఆగినప్పుడల్లా "ఊ" అనేవాడు. తలూపేవాడు. ఒకప్పుడు ఎవరైనా నెమ్మదిగా చెప్తే పెదాలు చూసి సగం మాట పట్టేవాడే. వినడం వచ్చాక ఆ విద్యకి తుప్పు పట్టింది. పైగా ఆమె మొహంలోకి చూడ్డం ఇష్టం లేకపోయింది. చూస్తే ఆటో గుర్తొచ్చేది.

ఇంట్లో గొడవల్లేవు. సాయంత్రాలు టీవీ పెట్టుకుని ప్రశాంతంగా తినేవాడు. చచ్చి స్వర్గానికెళ్ళినవాడికి కూడా అంత మర్యాద జరగదనుకున్నాడు. వరహాలు కొన్నాళ్ళుగా తక్కువ మాట్లాడుతోందని అతనికి తట్టలేదు. సున్నాలోంచి ఎంత తగ్గితే మాత్రం తెలుస్తుంది?

గురువారం రోహిణి డ్యూటీ దిగొచ్చి, స్కూటీ స్టాండ్ వేసి, హెల్మెట్ కూడా తీయకుండా అడిగింది.

"నాన్నా, అమ్మని ఎందుకు పొమ్మన్నావు?"

"నేనెప్పుడన్నాను?"

"మూడుసార్లు అడిగిందంట. నరసన్నపేటలో పెద్దమ్మ మెస్ పెట్టింది, మనిషి సాయం కావాలంది, వెళ్ళి అక్కడే ఉండిపోనా, నీకేమైనా అడ్డమా అని. మూడుసార్లూ ఊ అన్నావంట. మూడోసారైతే నవ్వావంట కూడా."

నవ్వు గుర్తొచ్చింది నూకరాజుకి. టీవీలో ఎవడో పెళ్ళివిందులో సాంబారు బకెట్‌తో జారిపడ్డాడు.

"ఎప్పుడెళ్తాదంట?"

"ఆదివారం పొద్దున్న. చీరలు సర్దేసింది. నువ్వు ఆపుతావేమోనని మూడుసార్లు అడిగింది నాన్నా. ఎవరైనా వెళ్ళాలనుకుంటే మూడుసార్లు అడుగుతారా?"

నూకరాజు ఫోన్ తీశాడు. ఫిల్టరు దగ్గరికెళ్ళి, తొలగించు అని నొక్కాడు. అక్షరాలు వచ్చాయి. 'మీ సంరక్షకురాలి ఫోనుకి కోడ్ పంపాం. ఆమె దాన్ని మీ దగ్గర పైకి చదవాలి. ఆమె గొంతు మీ ఇన్‌బాక్స్‌కి చేరగానే ఫిల్టరు తొలగిపోతుంది.'

అతనికి చదవడం నెమ్మది. మొదటిసారి చదివి, ఇంతేనా అనుకున్నాడు. రెండోసారి చదివి అరుగు మీద కూలబడ్డాడు. లోపల వరహాలు ఫోన్ టింగుమంది. అది స్పష్టంగా వినబడింది.

*

వరహాలు మంచం మీద సంచి పెట్టుకుని, జిప్పు పడక కుస్తీ పడుతోంది. నూకరాజు గుమ్మంలో నిలబడ్డాడు.

"నాకు నీ మాట వినపడదు," అన్నాడు.

ఆమె ఏదో అంది. రోహిణి అందించింది. "మళ్ళీ చెవుడొచ్చిందా అంటోంది."

"రాలేదు. నీ ఒక్కదాని మాటే వినపడదు. ఫోన్లో నొక్కీసేను."

వరహాలు జిప్పు వదిలేసింది. మొహంలో ముందు ఏమీ లేదు. తర్వాత చాలా వచ్చాయి, ఒకదాని మీద ఒకటి. చిన్నగా ఏదో అడిగింది.

"ఎప్పట్నుంచి అని," అంది రోహిణి. ఆమె గొంతూ చిన్నదైపోయింది.

"ఉగాది ముందు నుంచి."

కోడ్ చదవమన్నాడు. చెవి ముందుకు పెట్టాడు. వరహాలు ఫోను తీసి, కళ్ళకి దూరంగా పట్టుకుని చదివింది. పెదాలు ఆడాయి. నూకరాజుకి ఫ్యాను వినబడింది. బయట చేపలమ్మే ఆమె కేక వినబడింది. కోడ్ గడువు తీరిపోయింది. ఇంకోటి వచ్చింది. అదీ చదివింది. గట్టిగా చదివిందని పక్కింటావిడ గోడ మీంచి తొంగిచూస్తే తెలిసింది.

*

"ఇలాంటివి మా పాత కంపెనీలో బోలెడు చూశానండి," అన్నాడు ఫణీంద్ర మర్నాడు, కంప్యూటర్ ముందు నుదురు రుద్దుకుంటూ. "కంపెనీ నుంచి ప్రకటనలు ఎక్కువొస్తున్నాయని మా మెయిళ్ళకి ఫిల్టర్ పెట్టి పారేసేవారు. తర్వాత పాస్‌వర్డ్ మర్చిపోయేవారు. కొత్త పాస్‌వర్డ్ మేం మెయిల్లోనే పంపాలి. అది పారేసే చోటికే పోయేది."

"మరప్పుడేటి చేసేవారు?"

"ఆఫీసు నుంచి మేమే తీసేసేవాళ్ళం. ఇక్కడ తాళం మీ ఎముకలో ఉంది. ఎవరూ, చివరికి మేం కూడా, మీ బుర్రలో చెయ్యి పెట్టకూడదని అలా కట్టాం."

"మంచి పని చేసారు బాబూ. మాలాంటోళ్ళ క్షేమం అంత దూరం ఆలోచించేరు."

ఫణీంద్ర ఆ రోజంతా ఏవేవో చేయించాడు. వరహాలు చేత గుసగుసగా చదివించాడు, పాడించాడు, ముక్కు మూసుకుని చదివించాడు. చిప్ అన్నిసార్లూ ఆమెని పట్టేసింది. పట్టకపోతే సంరక్షకురాలు కాదంటుంది. పడితే పారేస్తుంది. సంరక్షకురాలిని మారుద్దామంటే, ఆ మాటా పాత సంరక్షకురాలే పైకి చెప్పాలి. ముక్కు మూసుకున్న తల్లిని చూసి రోహిణికి నవ్వొచ్చింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"ఒక్కటే ఉంది," అన్నాడు ఫణీంద్ర చివరికి. "మొత్తం ఖాతా చెరిపేయడం. ఆపరేషన్ థియేటర్లో చేయాలి. తర్వాత ఇంకో చిప్ పెట్టడానికి ఆ నరం ఒప్పుకోదు. అంటే..."

"మళ్ళీ చెవుడు."

"అవునండి. దానికీ ఆవిడ సంతకం కావాలి. కాగితం మీదే, గొంతు అక్కర్లేదు."

"సెరిపీండి," అన్నాడు నూకరాజు.

గదిలో ఏసీ చప్పుడు, కింద సముద్రం. పోయేవన్నీ అతను తలుచుకున్నాడు. షెడ్డులో కుర్రాళ్ళు, వాన, "నాన్నా" అనే ఇరవయ్యేళ్ళ గొంతు. పోతే పోనీ. లోకమంతా మాట్లాడుతుంటే ఒక్క మనిషి మూగదై తిరిగే ఇల్లు అతనివల్ల కాదు. అందరూ మూగైపోతే అదొక న్యాయం. ఆమె సంచి విప్పుతుంది. పాత రోజుల్లోలాగే ఏదో ఒకటి తిట్టుకుంటూ ఉంటుంది. ఉంటుంది, అది చాలు.

వరహాలు లేచి కంప్యూటర్ దగ్గరికెళ్ళి, చూపించమన్నట్టు వేలు పెట్టింది. ఫణీంద్ర తెర తిప్పాడు. ఫిల్టర్ల పట్టీలో మొదట మిక్సీ. దాని కింద వరహాలు. రెండింటి ఎదురుగానూ ఒకే మాట, పారేయి. ఆమె మిక్సీ మీద వేలు పెట్టింది. తన పేరు మీద పెట్టింది. మళ్ళీ మిక్సీ మీద పెట్టింది.

అప్పుడు మాట్లాడింది. మొగుడికేసే తిరిగి, నిలబడి, చేతులు కట్టుకుని, చాలాసేపు మాట్లాడింది. ఫణీంద్ర మొదట వింటూ ఉన్నాడు, తర్వాత తలొంచుకుని మౌసు తీగ సర్దడం మొదలుపెట్టాడు. రోహిణి ఒకసారి "అమ్మా, చాల్లే" అంది. అది నూకరాజుకి వినబడింది.

"ఏటంటోంది?"

"సంతకం పెట్టదంట."

"అంతేనా? అంతసేపు మాట్లాడింది."

"మిగతాది నీకు చెప్పొద్దంది."

"నా బుర్ర, నా చెవి. నాకొద్దంటున్నాను కదా."

"సంతకం ఆవిడదేనండి," అన్నాడు ఫణీంద్ర, తల ఎత్తకుండానే.

రోహిణి తల్లి వైపు చూసింది. తల్లి ఏదో అంది, ఈసారి కొంచెమే.

"ఇది చెప్పమంది. 'చెవిటోడితో ఒకసారి కాపురం చేసేను, ఇంకోసారి చెయ్యను. ఊరంతా విననీ. పారేసింది నా మాటొక్కటే కదా, ఆ ఒక్కటే లేకుండా బతకమను.'"

నూకరాజు కూతురి వైపు తిరిగాడు. "మరి నరసన్నపేట?"

రోహిణి అడిగింది. వరహాలు ఇంత దాకా లేనిది చిన్నగా నవ్వింది. ఆ నవ్వుకీ చప్పుడు లేదు.

"వెళ్ళదంట నాన్నా. 'అక్క దగ్గర ఇంత సుఖమేది, దానికి చెవులున్నాయి' అంటోంది."

*

ఆదివారం పొద్దున్న వీధరుగు మీద వరహాలు చిక్కుడుకాయలు ముందేసుకుని కూచుంది. నూకరాజుని పిలిచి ఎదురుగా కూచోబెట్టింది. ఒక్కో కాయకి ఈనె తీస్తూ మాట్లాడుతోంది. ఈనె తెగిన చప్పుడు కూడా అతనికి వినబడుతోంది. ఎదురింటి రేడియో, గ్యాస్ బండి, ఎవరో బిడ్డ ఏడుపు, అన్నీ బారులుతీరి ఇన్‌బాక్స్‌లోకొస్తున్నాయి.

డ్యూటీకి బయల్దేరిన రోహిణి గుమ్మం దగ్గర ఆగిపోయింది. టిఫిన్ డబ్బా చేతిలో పట్టుకుని వింది. కదల్లేదు.

"ఏటంటోంది మీ యమ్మ?"

"నీకు చెప్పొద్దంది కదా."

"మాట చెప్పొద్దులే. మంచో చెడో అది చెప్పు."

రోహిణి తల్లిని చూసింది. వరహాలు కాయ తుంచుతూ అడ్డంగా తలూపింది.

"డ్యూటీకి టైమవుతోంది నాన్నా," అంది రోహిణి. స్కూటీ స్టార్టయి, వీధి మలుపు దాకా వినబడింది.

ఇద్దరే మిగిలారు. వరహాలు పెదాలు కోపంగా లేవు, మెత్తగానూ లేవు. వంకాయల ధర చెప్పినట్టున్నాయి. చెప్తున్నది ఆటో సంగతేమో. ఎందుకు ఎక్కలేదో చెప్తోందేమో. ఎక్కాల్సిందనే చెప్తోందేమో. నూకరాజు ఆ పెదాలకేసి కళ్ళు చిట్లించి చూశాడు. ఒక్క మాట దొరికినట్టే దొరికి జారిపోయింది.

కాయలయిపోయాయి. ఆమె నోరు ఆగింది. చెప్పాల్సింది చెప్పేసిందనుకుని అతను మోకాళ్ళ మీద చేతులాన్చి లేవబోయాడు. వరహాలు మణికట్టు పట్టుకుని కిందికి లాగింది. చేట పక్కకి పెట్టి, ఇంకొంచెం దగ్గరికి జరిగి, మళ్ళీ మొదలుపెట్టింది.